ఆకు మందే కదా, డాక్టరుకి చెప్పడమెందుకు? కీమో వార్డులో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

కిందటి నెల కంచిలి వైపు నుంచి ఒక మామ్మ క్యాన్సర్‌కి నాలుగో సైకిల్ (విడత) కీమోకి వచ్చింది. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి ఉంది, అంటే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదన్నమాట. మూడో సైకిల్‌కి మామూలుగానే ఉండేది. నొప్పి మాత్రలు వేసుకున్నారా, విరేచనాలు అయ్యాయా, నీళ్ళు తక్కువ తాగారా అని వరసగా అడిగాం. అన్నిటికీ లేదనే చెప్పింది. మంచం మీద దుప్పటి సర్దుతుంటే ఆవిడ చేతిసంచిలోంచి ఒక ప్లాస్టిక్ సీసా దొర్లింది. లోపల నల్లటి కషాయం. "ఇదేంటి మామ్మా?" అంటే కోడలి వైపు చూసింది. కోడలు తల వంచుకుంది. చివరికి మామ్మే అంది, "ఆకు మందే కదమ్మా, దానికేటవుతాది? డాక్టరుబాబుకి సెప్తే తిడతారని సెప్పలేదు."

శ్రీకాకుళంలో కీమో డే కేర్ వార్డులో నర్సుగా పద్నాలుగేళ్ళు అయింది నాకు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మిగతా అపోహల వల్ల డబ్బు పోతుంది, కొంచెం బాధ పెరుగుతుంది. ఈ ఒక్కదాని వల్ల మనిషికే ముప్పు వస్తుంది. అందుకే ముందు దీని గురించే రాస్తున్నాను.

ఆకులోంచి వచ్చింది కాబట్టి హాని చేయదు అనుకోవడం పొరపాటు. మనం ఎక్కించే కీమో మందుల్లో కొన్ని చెట్ల నుంచి వచ్చినవే. పెరట్లో పూసే బిళ్ళగన్నేరు ఉంది కదా, విన్‌క్రిస్టిన్ దాని నుంచి తీసిందే. పెద్దవాళ్ళకి కూడా సాధారణంగా ఒక డోసులో 2 మిల్లీగ్రాములు దాటనివ్వం. దాటితే నరాలు దెబ్బతింటాయి. అంత కొలిచి ఇచ్చే మందుకే ఇన్ని జాగ్రత్తలు తీసుకుంటే, ఎవరో తెచ్చిచ్చిన సీసాలో ఏముందో, ఎంతుందో తెలియకుండా గ్లాసులు గ్లాసులు తాగితే శరీరం ఏమవుతుంది?

కీమో మందు ఒంట్లోకి వెళ్ళాక దాన్ని బయటికి పంపే పని లివర్‌ది, కిడ్నీలది. కార్బోప్లాటిన్ డోసు లెక్కకట్టేదే కిడ్నీ ఎంత బాగా పనిచేస్తుందో చూసి. సిస్‌ప్లాటిన్ అయితే ముందూ వెనకా సెలైన్ సీసాలు పెట్టకుండా ఎక్కించం. కామెర్లలో పెరిగే బిలిరుబిన్ ఎక్కువగా ఉంటే డాక్సోరుబిసిన్ డోసు తగ్గిస్తారు. ఈ మందులు నడుస్తుండగా లివర్ మీద, కిడ్నీ మీద ఇంకో బరువు పడితే కీమో వాయిదా పడుతుంది, లేకపోతే విషం అవుతుంది. ఈశ్వరి వేరు, గాడిదగడపాకు జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం అనేది ఉంటుంది. అది కిడ్నీని పాడుచేస్తుందనీ, మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తుందనీ ఎప్పుడో తేలింది. పాదరసం, సీసం కలిసిన భస్మాల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మన జిల్లాలో ఈ మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎన్ని ఇళ్ళల్లో కిడ్నీ రోగులు ఉన్నారో అందరికీ తెలుసు. ఉద్దానం అని పిలిచే ఆ ప్రాంతం నుంచి వచ్చే మనిషికి క్యాన్సర్ రాకముందే కిడ్నీలు సగం అలిసిపోయి ఉండొచ్చు. క్రియాటినిన్ బాగా పెరిగేదాకా ఆ సంగతి బయటపడదు. అలాంటి వాళ్ళు కషాయం తాగి, ఆ తాగిన సంగతి దాచిపెడితే మేం చీకట్లో మందు ఎక్కిస్తున్నట్టే.

దాచేవాళ్ళ మీద నాకు కోపం లేదు. నా ఇంట్లోనే జరిగింది. 2016లో అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, విశాఖలో కీమో నడిచింది. రెండో సైకిల్ తర్వాత లివర్ ఎంజైములు పెరిగాయి. కామెర్ల పరీక్షలు చేశారు, స్కాన్ తీశారు, ఏమీ దొరకలేదు. మూడో సైకిల్ మూడు వారాలు వెనక్కి పోయింది. ఆ మూడు వారాలూ నాకు నిద్ర లేదు. ఒకరోజు తమ్ముడు చల్లగా చెప్పాడు, అమ్మ వాడింట్లో ఉన్నప్పుడు రోజూ రెండు పూటలా తిప్పతీగ కషాయం తాగుతోందని. అంతకుముందు పక్కింటావిడ ఇచ్చిన పొడి గురించి నేను ఫోన్లో గట్టిగా అరిచాను. అందుకని అమ్మ నాకు చెప్పడం మానేసింది, తాగడం మానలేదు. కషాయం ఆపాక అంకెలు నెమ్మదిగా దిగాయి. కారణం అదేనని డాక్టరు తేల్చి చెప్పలేదు. తర్వాత కరోనా రోజుల్లో తిప్పతీగ వాడిన కొందరికి లివర్ దెబ్బతిందని ముంబై డాక్టర్లు 2021లో రాసినప్పుడు నాకు అమ్మే గుర్తొచ్చింది. ఆయుష్ వాళ్ళు దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన వాళ్ళు తేల్చుకుంటారు. కీమోలో ఉన్న మనిషి మాత్రం ఆ పరీక్షకి తన లివర్ ఇవ్వక్కర్లేదు.

ఇంకోటి, పచ్చి ఆకు పసర్లు, గోధుమగడ్డి రసం. కీమో అయిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల, రోగాలు అంటకుండా కాపాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి. కాచకుండా నూరి వడకట్టిన పసరులో ఉండే సూక్ష్మజీవులు మామూలు మనిషిని ఏమీ చేయకపోవచ్చు. ఆ వారంలో మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి. జ్వరం 100.4 దాటితే కషాయాలూ తడిగుడ్డలూ పెట్టుకుని తెల్లవారేదాకా చూడకండి. అర్ధరాత్రైనా సరే, ఆసుపత్రికి బయల్దేరండి.

మరి జనం కషాయాల వైపు ఎందుకు వెళ్తున్నారంటే, వాళ్ళ బాధ మేం సరిగా వినకపోవడం కూడా ఒక కారణం. వాంతుల మాత్ర రాసి పంపేస్తాం. ఆ ఒండన్‌సెట్రాన్‌కి మలబద్ధకం వస్తుందని చెప్పం. మూడు రోజులు విరేచనం కాక, ఇంట్లో సునాముఖి పొడి మింగి, విరేచనాలు ఆగక నీరసించి వస్తారు. అడిగే సమయం మేం ఇవ్వాలి, మీరూ మొహమాటపడకుండా అడగాలి. వాడుతున్నవన్నీ, సీసా, పొడి పొట్లం, చుట్టాలు పంపిన డబ్బా, ఏదైనా సరే ఫైలుతో పాటు ఒక సంచిలో వేసుకుని రండి. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు.

పక్క వైద్యాలన్నీ దండగ అని కూడా అనుకోకండి. కొన్ని నిజంగా పనిచేస్తాయి. మణికట్టు లోపలివైపు గీత నుంచి మోచేతి వైపుకి మూడు వేళ్ళు కొలిచి, అక్కడ రెండు తాళ్ళలా తగిలే వాటి మధ్య బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కితే కొందరికి వికారం తగ్గుతుంది. వాంతుల మాత్ర మాత్రం ఆపకూడదు. సూదులతో చేసే ఆక్యుపంక్చర్ అయితే ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తక్కువున్నప్పుడు వద్దు. 5-ఎఫ్‌యూ అనే కీమో మందు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు అరగంట ఐస్ ముక్కలు చప్పరిస్తే నోటిపూత తగ్గుతుంది. కానీ దాంతో ఆక్సాలిప్లాటిన్ అనే ఇంకో కీమో మందు కూడా ఉంటే చల్లటిది తగలకూడదు, తిమ్మిర్లు పెరుగుతాయి. నోటి పుండ్లకి గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు వేసి పుక్కిలించండి.

నీరసానికి పడుకోవడమే మందు అనుకుంటారు. కాదు. రోజూ కాసేపు నడిచేవాళ్ళకీ, తేలికపాటి యోగా చేసేవాళ్ళకీ నీరసం తగ్గుతుంది. క్యాన్సర్ ఎముకలకి పాకితే ఏ ఆసనాలు చేయాలో అడిగి చేయండి.

నూనె మర్దనా చేతులకీ పాదాలకీ మెల్లగా చేస్తే హాయిగానే ఉంటుంది. గడ్డ ఉన్నచోట, కరెంటు (రేడియేషన్) పెట్టిన చర్మం మీద, ఉన్నట్టుండి వాచిన కాలు మీద చేయకూడదు. రొమ్ము ఆపరేషన్ తర్వాత చెయ్యి వాస్తే గట్టిగా తోమించకండి, ఫిజియోథెరపిస్టుకి చూపించండి. తిమ్మిరెక్కిన పాదాలకి వేడి కాపడం కూడా వద్దు. బొబ్బిలి నుంచి వచ్చే ఒకాయన అలా పెట్టుకుంటే, స్పర్శ లేక, కాలుతున్న సంగతే తెలియలేదు. అరికాళ్ళు రెండూ బొబ్బలెక్కాయి.

పథ్యం సంగతికొస్తే, చారన్నం పెట్టి గుడ్డూ చేపా మాన్పించకండి. బాగా ఉడికిన గుడ్డు, చేప, పప్పు, అప్పుడే కాచిన చోడి (రాగి) అంబలి పెట్టండి. బరువు తగ్గితే కీమో తట్టుకోలేరు. కూరలో వేసుకునే పసుపుతో ఇబ్బంది లేదు, పసుపు బిళ్ళలు వేరే సంగతి, అవి అడిగాకే.

ఆ మామ్మకి ఆరోజు కీమో ఆపేశాం. సెలైన్ పెట్టి, కషాయం మాన్పించి పంపారు డాక్టరు. తిట్టలేదు. సీసా చేతిలోకి తీసుకుని, ఎవరిచ్చారు, ఎన్నాళ్ళుగా తాగుతున్నావు అని అడిగి ఫైలులో రాసుకున్నారంతే. పది రోజులకి క్రియాటినిన్ దిగింది, నాలుగో సైకిల్ ఎక్కించాం. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని, మజ్జిగలో అల్లం ముక్క దంచి వేసుకోవచ్చా అని అడిగింది. వేసుకోవచ్చు మామ్మా, అన్నాను.