వైకాఫ్ ఇల్లు: 1652 అన్న తేదీ వెనుక

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, క్లారెండన్ రోడ్డు, రాల్ఫ్ అవెన్యూ కలిసేచోట ఒళ్లంతా చెక్క పలకలు కప్పుకున్న పాత రైతు ఇల్లొకటి ఉంది. 1982 నుంచి అది మ్యూజియం. నగరంలో మిగిలిన కట్టడాల్లో అతి పాతది ఇదేనంటారు, కట్టిన కాలం సుమారు 1652 అని చెబుతారు. అయితే ఆ తేదీ ఇంట్లో ఒక్క భాగానికే చెల్లుతుంది. మిగతాది 1740 ప్రాంతంలో కొంత, 1819లో కొంత పెరిగింది.

కట్టుకున్నవాడు పీటర్ క్లాసెన్. 1637లో డచ్ వలస న్యూ నెదర్లాండ్‌కు ఒప్పంద కూలీగా వచ్చాడు. అక్కడి ఆదివాసులైన లెనాపే ప్రజల నేలను డచ్ అధికారులు తమ పేర రాయించుకున్నాక ఈ ప్రాంతంలో సేద్యం మొదలైంది. 1664లో పాలన ఇంగ్లిష్ వాళ్ల చేతికి వెళ్లింది. క్లాస్ కొడుకు క్లాసెన్ అనే డచ్ పద్ధతి వాళ్లకు సరిపోలేదు, స్థిరమైన ఇంటిపేరు ఉండాలన్నారు. అలా పుట్టిందే వైకాఫ్.

మొదటి ఇల్లు ఒకటే గది. దిమ్మిస కొట్టిన మట్టినేల, అద్దాల్లేని కిటికీలు, రెండు చివర్లా తలుపులు. పొయ్యికి పక్కగోడలుండవు. వెనకగోడకు ఆనించి మంట వేస్తే, పైన వేలాడే గూడు పొగను లాగేది. డచ్ వడ్రంగులు రెండు స్తంభాల మధ్య అడ్డదూలం దూర్చి ఇంగ్లిష్ 'హెచ్' ఆకారంలో చట్రం చేసేవారు. దూలం కొసను సన్నగా చెక్కి, స్తంభానికి తొలిచిన బెజ్జంలోకి పంపి, చెక్క మేకులతో బిగిస్తారు. బరువంతా ఈ చట్రాలదే, పైపలకలు వానను ఆపడానికే. అందుకే పలకలు ఎన్నిసార్లు మార్చినా ఇంటి వయసు పోదు, చట్రం మారిస్తే పోతుంది.

ఇలాంటి ఇళ్లు మొదట చెడేది కింద. చుట్టూ నేల ఎత్తు పెరిగినా, చూరు నీళ్లు గోడ మొదట్లో నిలిచినా అడుగుదూలం చెమ్మ పీల్చి కుళ్లుతుంది, దాని మీది స్తంభం కుంగుతుంది, తలుపులు పట్టేస్తాయి. మరమ్మతులో పుచ్చిన ముక్కను మాత్రమే కోసి అదే జాతి కలపతో అతకాలి. దూలం మొత్తం తీసేస్తే పాత వడ్రంగి ఉలి గుర్తులూ దాంతోనే పోతాయి.

వైకాఫ్ కుటుంబం 1901 వరకు ఈ ఆస్తిని ఉంచుకుంది. 1961లో వారసుల సంఘం తిరిగి కొని, తర్వాత నగరానికి ఇచ్చింది. న్యూయార్క్‌లోని పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్‌ను కూల్చేశారన్న ఆగ్రహం తర్వాత 1965లో కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 14న ఆ చట్టం కింద తొలి ల్యాండ్‌మార్క్‌గా నమోదైంది ఈ ఇల్లే.

వలస రైతు కష్టపడి ఎదిగిన కథగా మాత్రమే దీన్ని చెప్పడం సరికాదు. ఇక్కడి పొలాల్లో బానిసల శ్రమ ఉంది, వైకాఫ్‌లు కూడా బానిసలను ఉంచుకున్నవారే. 1790 జనాభా లెక్కల్లో బ్రూక్లిన్ ఉన్న కింగ్స్ కౌంటీ జనంలో మూడోవంతుకు దగ్గరగా బానిసలే. బానిసత్వాన్ని మెల్లగా తొలగించడానికి న్యూయార్క్ తెచ్చిన 1799 చట్టం ఆ జులై 4 తర్వాత పుట్టిన పిల్లలకే వర్తించింది, వాళ్లు కూడా మగవారైతే 28 ఏళ్లు, ఆడవారైతే 25 ఏళ్లు వచ్చేదాకా యజమానికి చాకిరీ చేయాలి. మిగిలినవారి విముక్తి 1827 జులై 4న. 1819లో ఈ ఇంటికి చివరి గదులు వేసేనాటికి న్యూయార్క్‌లో బానిసత్వం ఇంకా చట్టబద్ధమే.