బడి సంచిలో ఫోను: అపోహలు, వాస్తవాలు

దసరా సెలవులు దాటాయంటే మా ఆదోని వైపు పల్లెల్లో సుగ్గి (పంట కోతల కాలపు వలస) ప్రయాణాలు మొదలవుతాయి. పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ గుంటూరు వైపు వెళ్లేవాళ్లు పిల్లలను అవ్వ దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో వదులుతారు. వెళ్లే ముందు, కూలీలను తీసుకెళ్లే మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సులోంచే ఒక స్మార్ట్‌ఫోను కొని పిల్లవాడి చేతిలో పెడతారు. ఆ ఫోను సంచిలో బడికి వస్తుంది, తేవద్దని మేమంటాం. ఉన్నత పాఠశాలలో పాఠం చెప్పే నాకు ఏటా ఇదే పంచాయితీ.

అపోహ: ఫోను దగ్గరుంటేనే ఆపదలో పిల్లవాడు అందుతాడు.

వాస్తవం: బడి వేళల్లో వాడిని అందుకునే దారి ప్రధానోపాధ్యాయుల నంబరు. ఇంటి దగ్గర అవ్వ పడిపోయిందన్న కబురు పదమూడేళ్లవాడి చెవిన లెక్కల పాఠం మధ్యలో పడితే ఏం చేస్తాడు? ఎవరికీ చెప్పకుండా గేటు దాటి బస్సెక్కుతాడు. అలా వెళ్లినవాళ్లను చూశాను. అదే కబురు మాకు వస్తే కూర్చోబెట్టి చెబుతాం, తోడిచ్చి పంపుతాం. వాడికే ఒంట్లో బాగాలేకపోతే మీకు ఫోను చేసేది కూడా మేమే. కానీ మా రిజిస్టరులో మీరిచ్చిన నంబరు చాలాసార్లు మోగదు, సిమ్ మారిపోయి ఉంటుంది. కొత్త ఫోనుకు వేలు పోసే ముందు ఆ నంబరు మార్పించండి, పైసా ఖర్చు లేదు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్లమ్మ చేలో పని ఆపినప్పుడు ఫోను చేసేది. ఆ వేళకు మాకు సైన్సు పీరియడు. అమ్మాయి మాట్లాడేది కాదు, ఫోను వచ్చిందా లేదా అని సంచిలో చెయ్యి పెట్టి చూసుకునేది, అంతే. పాఠం మాత్రం చెవికెక్కేది కాదు. తల్లితో మాట్లాడి, మధ్యాహ్న భోజనం గంటకు ప్రధానోపాధ్యాయుల గదికి ఫోను చేయమన్నాం. “మీకు కష్టం కాదా సార్?” అని అడిగింది. రెండు నిమిషాల మాటకు కష్టమేముందమ్మా! మొదట్లో రోజూ చేసేది, తర్వాత వారానికోసారి.

2023 యునెస్కో నివేదిక ప్రకారం, ఒకసారి దృష్టి మళ్లిన విద్యార్థి తిరిగి పాఠంలో పడడానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చు. అంటే దాదాపు సగం పీరియడు. ఇంగ్లండు బడుల మీద లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ 2015లో వెలువరించిన అధ్యయనంలో, ఫోన్లు నిషేధించాక ఎక్కువ మెరుగుపడింది చదువులో వెనకబడిన పిల్లలే. బాగా చదివేవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లో చదివించేవాళ్లు లేని సుగ్గి పిల్లలకే ఫోను నష్టం ఎక్కువని నా గట్టి నమ్మకం.

అపోహ: బడిలో తీసుకున్న ఫోను తిరిగి ఇవ్వరు, వేలం వేస్తారు.

వాస్తవం: ఈ పుకారు ఎవరు పుట్టిస్తారో కానీ, దీనివల్లే పిల్లలు ఫోన్లను లోదుస్తుల్లో దాస్తున్నారు. మా దగ్గర రిజిస్టరులో రాసి, సాయంత్రం ఇంటి పెద్దకు ఇస్తాం. అందరి ముందూ ఫోను పగలగొట్టి బుద్ధి చెప్పామనుకునే మాస్టర్లకూ ఒక మాట: విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పిల్లల గ్యాలరీ తెరిచి చూడడం కూడా మన పని కాదు.

అపోహ: నిబంధనలు పిల్లలకే.

వాస్తవం: 2023 ఆగస్టులో మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఆదేశాలు తరగతి గదిలో ఉపాధ్యాయుల ఫోన్లకూ వర్తించాయి. నా ఫోనూ ప్రధానోపాధ్యాయుల గదిలోనే పెడతాను.

అపోహ: సిమ్ పిల్లవాడిది, తప్పు చేస్తే వాడిదే.

వాస్తవం: 18 ఏళ్లు నిండనివారికి సిమ్ ఇవ్వరు. అది మీ పేరు మీదే ఉంది. వాడు ఎవరి ఫోటో ఏ గ్రూపులో పెట్టినా పోలీసులు ముందు వెతికేది మిమ్మల్నే.

అపోహ: ఎవరికీ మినహాయింపు ఉండదు.

వాస్తవం: టైప్-1 మధుమేహం ఉన్న పిల్లలకు చక్కెర చూపే సెన్సరు ఫోనుతో కలిసి పనిచేస్తుంది. డాక్టరు చీటీ తెచ్చి ప్రధానోపాధ్యాయులతో మాట్లాడండి. ఆ ఫోను బల్ల మీద పెట్టుకోవచ్చు, అలారం మోగితే నేనే పాఠం ఆపుతాను.