ఆర్గాన్ విషం కాదు, కానీ ప్రాణం తీస్తుంది

టిగ్ వెల్డింగ్ (కరిగే లోహానికి గాలి తగలకుండా ఆర్గాన్ వదులుతూ అతికే పద్ధతి) నేర్పే ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, ఆర్గాన్ పీలిస్తే ఏమవుతుంది?" నేను నోరు తెరిచేలోపే పక్కవాడు అందుకుంటాడు: "ఏం కాదురా, మనం పీల్చే గాలిలోనే ఉంది."

ఉన్న మాటే. గాలిలో 0.93 శాతం ఆర్గానే. దేనితోనూ కలవదని గ్రీకులో 'సోమరి' అనే అర్థమొచ్చే పేరు పెట్టారు. కానీ ఈ సోమరి ఎక్కడ కూర్చుంటే అక్కడి ఆక్సిజన్‌ని బయటికి నెట్టేస్తుంది. గాలికన్నా దాదాపు 1.4 రెట్లు బరువు కాబట్టి గుంటల్లో, ట్యాంకు అడుగున నీళ్లలా నిలుస్తుంది. రంగూ లేదు, వాసనా లేదు.

"ఊపిరాడకపోతే బయటికొచ్చేస్తాం కదా" అంటారు. ఊపిరాడనట్టు అనిపించదు బాబూ! ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటేనే మనకి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఆర్గాన్ పీలుస్తున్నా ఆ కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే బయటికి పోతుంటుంది. టెన్షన్ పడే టైమ్ కూడా ఉండదు.

ఒకసారి స్టెయిన్‌లెస్ ట్యాంకుకి లోపల పర్జింగ్ పెట్టి, అంటే గాలిని తరిమి ఆర్గాన్ నింపి, రూట్ (జాయింట్ అడుగున మొదటి వరుస) వేస్తున్నాం. హెల్పర్ కుర్రాడి చేతిలోని వైర్ బ్రష్ లోపల పడింది. మ్యాన్‌హోల్‌లో తలపెట్టి చెయ్యి చాపాడు. కాసేపటికే కాళ్లు సడలిపోయాయి. పక్కనే ఉన్నాను కాబట్టి బెల్టు పట్టుకుని లాగేశాను. కళ్లు తెరిచి వాడన్న మొదటి మాట, "బ్రష్ దొరికిందా అన్నా?" పడిపోయిన సంగతే వాడికి తెలియదు.

మీటర్‌లో ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తక్కువ చూపిస్తే తల కూడా లోపల పెట్టకండి. ఎవరైనా లోపల పడిపోతే బ్రీతింగ్ సెట్ (సొంత గాలి సిలిండర్ ఉన్న మాస్క్) లేకుండా దిగకండి, రెండో మనిషీ అక్కడే పడిపోతాడు.

మిగతావి చిన్నవి. ఆర్గాన్ మండదు; సిలిండర్‌తో భయమల్లా అందులోని ప్రెషర్ గురించే. బల్బులో, డబుల్ గ్లాస్ కిటికీలో ఉండే కాస్త గ్యాస్ లీకైతే ఇంట్లోవాళ్లకి ఏమీ కాదు. వెల్డింగ్‌లో గ్యాస్ ఫ్లో ఎంత పెంచితే జాయింట్ అంత బాగా వస్తుందన్నదీ ఉత్తమాటే: టార్చ్ చివర గ్యాస్ వచ్చే మామూలు కప్పుకి నిమిషానికి 8-12 లీటర్లు చాలు, మరీ పెంచితే గ్యాస్ సుడి తిరిగి బయటి గాలిని లాక్కొస్తుంది, బీడ్ (వెల్డింగ్ గీత) నల్లబడుతుంది.

"ఆర్గాన్‌తో క్యాన్సర్ వస్తుందట, మా ఆయన్ని మానేయమనమంటారా?" అని ఒకావిడ ఫోన్‌లో ఏడ్చింది. పాపం, ఆవిడ భయంలో తప్పులేదు. ఆర్గాన్ వల్ల రాదు గానీ, వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమే. స్టెయిన్‌లెస్ పొగలోనైతే క్రోమియం కూడా ఉంటుంది. మానేయక్కర్లేదమ్మా, పొగ లాగే ఫ్యాన్ ఉందో లేదో, మాస్క్ పెట్టుకుంటున్నాడో లేదో అడగమన్నాను.