వీల్‌చైర్ విషయంలో రోజూ వినే అపోహలు, టేపు పెట్టి కొలిస్తే తేలే వాస్తవాలు

నా పనేంటంటే, వీల్‌చైర్‌లో వచ్చిన మనిషి గేటు దగ్గర్నుంచి టాయిలెట్ దాకా ఎవర్నీ బతిమాలకుండా వెళ్ళి రాగలడా లేదా అని బిల్డింగులు చూసి రిపోర్టు రాయడం. యాక్సెస్ ఆడిట్ అంటారు. అంతకుముందు కొన్నేళ్ళు మనుషులకి కొలతలు తీసి వీల్‌చైర్లు ఫిట్ చేసేవాణ్ణి. బ్యాగులో ఒక టేపు, మేస్త్రీలు వాడే రసమట్టం, పక్కన వీల్‌చైర్ వాడే నా కొలీగ్, ఇదీ మా టీమ్. ఎక్కడికెళ్ళినా మాకు వినపడే మాటలు మాత్రం అవే, అందుకే ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: "మా దగ్గరికి వీల్‌చైర్‌లో ఎవరూ రారండీ, ర్యాంప్ కట్టి ఏం లాభం?"

గుమ్మానికి మూడు మెట్లు పెట్టుకుని ఎవరూ రావట్లేదంటే ఏం చెప్పాలి. వచ్చినవాళ్ళు ఆ మెట్లు చూసి రోడ్డు మీద నుంచే వెనక్కి పోయారు, వాళ్ళు మీ రిజిస్టర్‌లో కనపడరు కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన అంచనా ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద వీల్‌చైర్ అవసరమైనవాళ్ళు దాదాపు 8 కోట్ల మంది, అంటే సుమారుగా నూటికి ఒకరు.

అపోహ: "ర్యాంప్ ఉందిగా, ఇంకేం కావాలి?"

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే నేను చూసిన ర్యాంపుల్లో చాలావాటిని ర్యాంప్ అనలేం, జారుడుబల్ల అనాలి. లెక్క చాలా సింపుల్, ఒక అంగుళం ఎత్తు ఎక్కాలంటే కనీసం పన్నెండు అంగుళాల పొడవు కావాలి, దీన్నే 1:12 అంటారు. ఆరేసి అంగుళాల మెట్లు మూడున్నాయనుకోండి, మొత్తం 18 అంగుళాల ఎత్తు, అంటే 18 అడుగుల ర్యాంప్. ఈ మాట చెప్పగానే ఓనర్ మొహం చూడాలి! నాలుగడుగుల్లో ముగించేసి "అయిపోయింది సార్" అని ఫోటో పంపేవాళ్ళే ఎక్కువ. అంత నిటారు ర్యాంప్ మీద ఎక్కుతుంటే కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచి మనిషి వెనక్కి పడిపోతాడు, దిగేటప్పుడైతే చేతుల్లో పట్టు ఆగదు. ఇంకోటి, 1:12 అనేది ఆఖరి హద్దు మాత్రమే, సొంతంగా చక్రాలు తిప్పుకునేవాళ్ళకి 1:15, 1:20 అయితే ప్రాణం హాయిగా ఉంటుంది. చోటు లేకపోతే మధ్యలో మలుపు తిప్పుకోవచ్చు, కానీ మలుపు దగ్గరా పైనా కిందా దాదాపు అయిదడుగుల చదును జాగా ఉండాలి. పైన చదును లేకుండా ర్యాంప్ అయిపోయిన చోటే తలుపు పెట్టేస్తారు చూడండి, అక్కడ ఒక చెయ్యి తలుపు మీద వేస్తే కుర్చీని ఎవరు పట్టుకుంటారు? పైగా దాని మీద నున్నటి టైల్స్ వేసి, మెరుస్తోంది కదా అని సంబరపడటం. వాన పడ్డ రోజు దాని మీద మామూలుగా నడిచేవాళ్ళు కూడా పడతారు.

ర్యాంప్ అంతా బాగుండి చివర గడప ఒక రెండంగుళాలు వదిలేసినవీ చూశా. ఆ రెండంగుళాలకే పక్కన ఇద్దరు మనుషులు కావాలి.

అపోహ: "ఎందుకండీ ఇదంతా, మేం నలుగురం ఉన్నాం, ఎత్తేస్తాం"

మనసు మంచిదే, కాదనను. కానీ బ్యాటరీతో నడిచే పెద్ద కుర్చీలు కొన్ని మనిషి ఎక్కకముందే వంద కిలోల పైన ఉంటాయి. మామూలు కుర్చీ అయినా చేతులు ఆనించుకునే ఆర్మ్‌రెస్టులు, కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టులు ఊడి వచ్చేలా చేస్తారు, వాటిని పట్టుకుని లేపితే అవి మీ చేతిలో, మనిషి నేల మీద. అది పక్కన పెట్టినా, బ్యాంకు పనికొచ్చిన మనిషి ప్రతిసారీ నలుగురి చేతుల్లో ఊరేగుతూ ఎందుకు వెళ్ళాలి? ఈ కోపం కొత్తదేం కాదు. 1990 మార్చి 12న వాషింగ్టన్‌లో కొన్ని పదుల మంది తమ వీల్‌చైర్లు, ఊతకర్రలు కింద వదిలేసి అమెరికా పార్లమెంటు ఉండే కాపిటల్ భవనం మెట్లు పాకుతూ ఎక్కారు, వాళ్ళలో జెన్నిఫర్ కీలన్ అనే ఎనిమిదేళ్ళ పాప కూడా ఉంది. అదే ఏడాది జులై 26న అక్కడ వికలాంగుల హక్కుల చట్టం మీద సంతకం పడింది. మెట్లంటే ఏంటో పాకి చూపిస్తే గానీ అర్థం కాలేదన్నమాట.

"దయతో చేస్తున్నాం" అనేవాళ్ళకి కూడా ఇక్కడే చెప్పేస్తా. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 9వ అధికరణం మొత్తం ఈ యాక్సెసిబిలిటీ మీదే, అందులో రాసింది ప్రభుత్వాల బాధ్యత గురించి.

అపోహ: "ఫలానా ఆయన పాపం వీల్‌చైర్‌కే పరిమితమైపోయాడు"

పేపర్లలో, టీవీలో ఎంత రాస్తారో ఈ మాట. నాకు చిరాకు. పరిమితం చేసేది మంచం, మెట్టు, కుర్చీ లేకపోవడం. కుర్చీ వచ్చాకే కదా ఆ మనిషి బయటికొచ్చింది! దీనికి తోడు, వీల్‌చైర్ వాడేవాళ్ళెవరూ ఒక్క అడుగు కూడా వెయ్యలేరనుకోవడం ఒకటి. చాలామంది కాసేపు నిలబడగలరు, నాలుగడుగులు వెయ్యగలరు. కీళ్ళవాతం, గుండె జబ్బు, మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బు లాంటివి ఉన్నవాళ్ళు దూరం వెళ్ళాల్సినప్పుడో ఒంట్లో బాలేని రోజునో కుర్చీ వాడతారు. కుర్చీలోంచి లేచి పైన అరలో ఉన్నది అందుకుంటే "అబ్బో, నాటకం" అని గుసగుసలు, ఇవి నా కొలీగ్‌తో తిరుగుతూ స్వయంగా విన్నవే.

అపోహ: "వీల్‌చైర్ అంటే వీల్‌చైరే, ఏదో ఒకటి కొనేస్తే సరి"

చెప్పులు సైజు చూసి కొంటాం, రోజంతా కూర్చునే కుర్చీ మాత్రం ఎవరిదో తెచ్చి కూర్చోబెట్టేస్తాం. హాస్పిటల్లో వార్డు నుంచి ఎక్స్‌రేకి తోసుకెళ్ళే కుర్చీ ఉంటుందే, దాంట్లో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళని చూశా. సీటు వెడల్పుగా ఉంటే మనిషి ఓ పక్కకి ఒరిగిపోతాడు, చక్రాలు అందక భుజాలు అరిగిపోతాయి, పైగా కుర్చీ తలుపుల్లో పట్టదు. సీటు మరీ లోతుగా ఉంటే మోకాళ్ళ వెనక ఒరుసుకుని, నడుము ముందుకి జారిపోతుంది. మోకాలి వెనక రెండు వేళ్ళ సందు ఉండాలి, ఫిట్టింగ్‌లో నేను మొదట చూసేవాటిలో అదొకటి.

అసలు ప్రమాదం కుషన్ దగ్గర. వెన్నుపూస దెబ్బతిని స్పర్శ తెలియనివాళ్ళకి ఒకేచోట ఒత్తిడి పడి చర్మం చితికిపోతున్నా నొప్పి తెలీదు, పుండు కంటికి కనపడేసరికే లోపల చాలా పాడైపోయి ఉండొచ్చు, అది ముదిరి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకితే ప్రాణం పోతుంది. అందుకే ఒత్తిడి తగ్గించే కుషన్, పావుగంటకో అరగంటకో ముందుకో పక్కకో వంగి బరువు మార్చుకోవడం, రోజూ చర్మం చూసుకోవడం, ఇవన్నీ కుర్చీతో పాటే నేర్పించాలి. కుర్చీ దానం చేసి దండ వేసి ఫోటో దిగి వెళ్ళిపోయేవాళ్ళు ఈ మాట కాస్త వినండి.

"కూర్చుంటే అలవాటైపోతుంది, కష్టపడి నడవనివ్వండి" అనేవాళ్ళకి: ఆ సంగతి ఫిజియోథెరపిస్ట్ చూసుకుంటారు, మీరు వదిలెయ్యండి.

అనుమతి లేకుండా వెనక నుంచి తొయ్యడం, కుర్చీకి ఆనుకుని నిలబడటం, మనిషి ముందే ఉన్నా పక్కనున్నవాళ్ళని "ఈయనకేం కావాలట?" అని అడగటం, వీటి గురించి ఎన్నిసార్లు చెప్పినా అంతే.

అపోహ: "మేనేజర్లందరినీ ఓ గంట వీల్‌చైర్‌లో తిప్పితే వాళ్ళకే అర్థమైపోతుంది"

అర్థమయ్యేది భయం ఒక్కటే. కుర్చీ నడపడం రానివాడు గంటలో నేర్చుకునేది "అమ్మో, ఎంత కష్టం" అని జాలిపడటమే, ఏ తలుపు ఎన్ని అంగుళాలు తక్కువో వాడికి తెలీదు. దానికి బదులు రోజూ కుర్చీ వాడేవాళ్ళకి ఫీజిచ్చి పిలవండి, ప్లాన్ గీస్తున్నప్పుడే పిలవండి, గోడలు లేచాక పిలిస్తే పగలగొట్టే ఖర్చు మీదే. గీసేటప్పుడు తలుపు ఆరంగుళాలు పెంచడానికి రబ్బరు, పెన్సిలు చాలు.

నా కొలీగ్ టెస్ట్ అయితే ఒకటే. లోపలికెళ్ళి నేరుగా టాయిలెట్ ఎక్కడని అడుగుతాడు. ముందు తాళం ఎవరి దగ్గరుందో వెతకాలి, తెరిచాక బకెట్లు, చీపుర్లు, పాత కంప్యూటర్ డబ్బాలు బయటికి తియ్యాలి. తలుపు తెరిచాక 32 అంగుళాల ఖాళీ కూడా రాకపోతే కథ అక్కడే ముగుస్తుంది. వస్తే లోపల కుర్చీ తిరగడానికి అయిదడుగుల చోటుందా, కమోడ్ పక్కన కుర్చీ పెట్టి జరగడానికి జాగా ఉందా, పట్టుకునే కడ్డీ గోడకి గట్టిగా ఉందా లేక అందానికి బిగించారా అని చూస్తాడు. ఇవన్నీ పాసయ్యాక ఆఖర్న లోపల నుంచి తలుపు వేసుకుంటాడు, వేసుకోవడానికి ప్రయత్నిస్తాడు అనాలి. ఎందుకంటే నేను చూసినవాటిలో చాలా తలుపులు లోపలికే తెరుచుకుంటాయి, కుర్చీ అడ్డొచ్చి మూసుకోవు, అప్పుడు నేను బయట తలుపుకి వీపు ఆనించి కాపలా నిలబడతా.