ఊరితో కలిసి చేసే పరిశోధన: అపోహలు – వాస్తవాలు

అపోహ: గ్రామసభ పెట్టి, ఊరివాళ్ళతో ఊరి పటం గీయించి, సంతకాలు తీసుకుంటే ప్రజల భాగస్వామ్యం ఉన్నట్టే.

వాస్తవం: చెక్‌డ్యాం ఎక్కడ కట్టాలో టెండరులో ఖరారయ్యాక ఊరి అభిప్రాయం అడిగితే అది తంతు మాత్రమే. ఏవి తేలిపోయాయో, ఏవి ఇంకా ఊరి చేతిలో ఉన్నాయో మొదటి సమావేశంలోనే చెప్పాలి. ఊరి చేతిలో ఏమీ లేకపోతే సమావేశమే పెట్టొద్దు.

అపోహ: రచ్చబండ దగ్గర గీసిన పటం ఊరందరిదీ.

వాస్తవం: అది అక్కడికి వచ్చి నోరు విప్పగలిగినవాళ్ళది. మగవాళ్ళ పటంలో బోర్లు, రోడ్లు, గుడి పడతాయి. కుళాయి ఎండినప్పుడు బిందె పట్టుకుని వెళ్ళే బావి, దీపం లేని దారి ఆడవాళ్ళు గీస్తేనే కనిపిస్తాయి. అందుకే ఎస్సీ వాడలో ఒకటి, ఆడవాళ్ళతో ఒకటి, రైతులతో ఒకటి విడివిడిగా, ఆరు నుంచి పదిమందితో గీయించాలి. చార్టు, స్కెచ్ పెన్ను ఇస్తే చదువుకున్న కుర్రాడొక్కడే గీస్తాడు, మిగతావాళ్ళు చూస్తారు. నేల మీద ముగ్గు, పుల్లలు, చింతగింజలైతే ఎవరైనా చెరిపి దిద్దుతారు. నాట్లు, కలుపుతీతల రోజులు వద్దు. పగలు కూర్చోబెడితే ఆ రోజు కూలి చెల్లించాలి. డబ్బిస్తే మనకు నచ్చినట్టే చెబుతారని కొందరి భయం. ఇవ్వకపోతే కూలికి వెళ్ళక తప్పనివాళ్ళు అసలు రారు, ఆ పక్షపాతం ఇంకా పెద్దది. కాగితానికి ఎక్కించిన పటం ఊళ్ళోనే ఉండాలి, మనకు ఫొటో చాలు.

అపోహ: చదువు లేనివాళ్ళ కొలతలు పనికిరావు.

వాస్తవం: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన రైతుల భూగర్భజల పథకంలో (ఏపీఎఫ్ఏఎంజీఎస్) కొలిచింది రైతులే. రోజూ వాన, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం నమోదు చేసి, రబీకి ముందు పంటల నీటి లెక్క (ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావాల్సిందెంత) వేసేవారు. లెక్క కష్టమేమీ కాదు: హెక్టారుపై ఒక మిల్లీమీటరు వాన అంటే 10 ఘనమీటర్ల నీరు. 20 లీటర్ల బకెట్టు 10 సెకన్లలో నిండితే బోరు సెకనుకు 2 లీటర్లు పోస్తున్నట్టు. తప్పు జరిగేది ఎక్కువగా మట్టం దగ్గరే. మోటారు ఆపిన వెంటనే కొలిస్తే నీరు అసలుకన్నా లోతుగా కనిపిస్తుంది, అది తేరుకునేదాకా ఆగాలి.

అపోహ: నీటి లెక్క చూపిస్తే అందరూ వరి మానేస్తారు.

వాస్తవం: ఆ పథకంలో వరి వేయొద్దని ఎవరికీ ఆంక్ష లేదు, ఏం వేయాలన్నది ఎవరి నిర్ణయం వారిదే. మానలేదని భాగస్వామ్యం విఫలమైందని రాస్తే, మనం కోరింది విధేయతన్నమాట. ఫలితాలు ఆఫీసుకు పంపేముందే ఊళ్ళో గోడమీద రాసి, చదివి వినిపించి, ఊరివాళ్ళు దిద్దినవి దిద్దినట్టే నివేదికలో చేర్చాలి.