నిప్పు లేనిదే పొగ రాదా?

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ నాయనమ్మా క్షేమం. మీరు వెళ్ళి నెల దాటింది గాని, సంక్రాంతినాడు చిన్నా అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. రాత్రి పది దాటినా ఫోను వదలడం లేదని నేను కోప్పడ్డాను. "మరి మీరు రోజంతా టీవీ చూస్తారు కదా తాతయ్యా" అన్నాడు వాడు. నాకు జవాబు తోచలేదు. "పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకు" అని నోరు మూయించాను. బుజ్జి ముఖం అటు తిప్పుకుని నవ్వింది. నేను చూడలేదనుకుంది.

ఆ రోజు చిన్నా వాదనా, నా వాదనా రెండూ చెల్లవు. నేను టీవీ చూసే మాట నిజమే. దానివల్ల నీతులు చెప్పే అర్హత నాకు తగ్గుతుందేమో గాని, రాత్రిపూట ఫోను చూడడం మంచిదని తేలదు. గురివింద తన నలుపెరగదని మనవాళ్ళు వెక్కిరిస్తారు. ఎరగకపోతే పోనీ, అది పక్క గింజను నల్లగా ఉన్నావన్నంత మాత్రాన ఆ గింజ తెల్లబడదు కదా! ఇక నేను చేసింది అంతకంటే పెద్ద తప్పు. మాటకు జవాబు చెప్పకుండా, మాట అన్నవాడి వయసుకు జవాబు చెప్పాను.

ఇలా కారణంలా కనిపిస్తూ కారణం కాని వాటిని మన తార్కికులు హేత్వాభాసలన్నారు. హేతువంటే కారణం, ఆభాస అంటే ఉన్నట్టు తోచేది. గౌతమ మహర్షి తర్కగ్రంథం న్యాయసూత్రాల్లో ఇవి ఐదు. ఆ ఐదు పేర్లూ వరసగా రాస్తే మీరు ఉత్తరం మడిచి పక్కన పెడతారని నాకు తెలుసు. ఒక్కటి చాలు, అదీ వంటింట్లోంచే.

దూరాన కొండ మీద పొగ కనిపిస్తోంది, కాబట్టి అక్కడ నిప్పుంది. ఎలా తెలుసు? వంటింట్లో పొయ్యి దగ్గర చూశాం గనక. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉండి తీరుతుందన్న ఈ సంబంధానికి వ్యాప్తి అని పేరు. దీన్ని తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉంటుందంటే? కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపముద్దను చూడండి. నిప్పే, పొగ లేదు. హేతువు ఒక పక్కన నిలబడకుండా అటూ ఇటూ తిరుగుతోంది. అందుకే ఈ దోషాన్ని అనైకాంతికం అన్నారు.

ఈ పొగే ఒకసారి నా కళ్ళు కప్పింది. కాలేజీ రోజుల్లో మా హాస్టల్లో ఒకరి చేతిగడియారం పోయింది. మా పక్కగది కుర్రాడి మీద గుసగుసలు మొదలయ్యాయి. పేదవాడు, ఎవరితోనూ పెద్దగా కలవడు. అంతకుమించి ఆధారమేమీ లేదు. అందరం వరండాలో చేరినప్పుడు నేను గొంతు సవరించుకుని "నిప్పు లేనిదే పొగ రాదు" అన్నాను. తలలన్నీ ఊగాయి. విచారణ అక్కడితో సరి. నాలుగో రోజున గడియారం స్నానాల గది గూట్లో దొరికింది. పెట్టినవాడే మరిచిపోయాడు. ఆ కుర్రాడు మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. భోజనానికి మాత్రం మళ్ళీ మా బల్ల దగ్గరికి రాలేదు.

నేను చేసిందేమిటో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మీకు బడిలో ఉపమ, రూపకం చెబుతారు కదా. "ముఖం చంద్రుడిలా ఉంది" అంటే ఉపమ. అందులో "లా" గుమ్మం దగ్గర కాపలావాడిలా నిలబడి, ఇది పోలిక మాత్రమే సుమా అని చెబుతుంటుంది. రూపకం ఆ కాపలావాణ్ణి పంపేసి "ముఖచంద్రుడు" అంటుంది. సామెత అసలు ముఖం ఊసే ఎత్తదు. నేను మాట్లాడింది పొగ గురించి, చెప్పింది అక్షరాలా నిజం. కాని అక్కడున్నది పొగ కాదు, గుసగుస. పొగకు నిప్పు కావాలి. గుసగుసకు అసూయ చాలు, పొద్దుపోకపోయినా చాలు, ఎవరో ఒకరు సగం విన్నా చాలు. మరి వ్యాప్తి ఏదీ? ఆ వరండాలో ఒక్కరూ అడగలేదు. మాట అంత నున్నగా ఉంది.

అలాగని అలంకారాల మీద కత్తి కట్టకండి. సామెత లేని తెలుగు ఉప్పు లేని పప్పు. (చూశారా, నేనూ పోలికతోనే గట్టెక్కాను!) పోలిక ఎంతవరకు అతుకుతుందో చూసుకోవాలంతే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు నొక్కి చూస్తే తెలిసిపోతుంది. ఎందుకు? ఒకే గిన్నె, ఒకే బియ్యం, ఒకే మంట. ఇద్దరు మనుషులను చూసి ఊరంతా ఇంతే అనేవాడు ఊరిని గిన్నె అనుకుంటున్నాడు. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి వల్లే రాలిందనుకునేవాడి కోసం కాకతాళీయం అన్న మాట పుట్టింది. వాన ఆలస్యమైన ఏడాది కప్పలకు పెళ్ళి చేస్తారు. నాలుగు రోజులకు రావలసిన వాన వస్తే పేరు కప్పలకు వస్తుంది.

బుజ్జికి నచ్చేది ఛలం, అంటే ఎదుటివాడి మాటకు కావాలని వేరే అర్థం తీసి తప్పుపట్టడం. "ఈ అబ్బాయిది నవకంబళం" అని ఒకడంటాడు, కొత్త కంబళి అన్న అర్థంలో. రెండోవాడు "తొమ్మిది ఎక్కడున్నాయి? ఒక్కటేగా!" అంటాడు. నవ అంటే కొత్త అనీ, తొమ్మిది అనీ రెండర్థాలు కదా. న్యాయసూత్రాలకు రాసిన వ్యాఖ్య న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు చూపించిన ఉదాహరణ ఇది. ఐదు నిమిషాల్లో వస్తానని గంటకు వచ్చి, "ఏ ఐదు నిమిషాలో చెప్పలేదు కదా" అంటావే, అదే ఇది బుజ్జీ!

సరే, చిన్నాకు నేను ఇవ్వాల్సిన జవాబు అలాగే ఉండిపోయింది. రాత్రిపూట ఫోను చూస్తే కళ్ళు పాడవుతాయని ఆ రోజు గట్టిగా అన్నాను. దానికి నా దగ్గరున్న రుజువు ఏమిటా అని ఆలోచిస్తే ఒక్కటే తేలింది: మీ బాబాయికి కళ్ళద్దాలు రావడం. ఇంతవరకు రాసి నాయనమ్మకు చదివి వినిపించాను. బాబాయికి అద్దాలు వచ్చేనాటికి మన ఇంట్లో ఫోనే లేదట.

ఇట్లు,
మీ తాతయ్య