గాయం ఎవరి ఖాతాలో పడాలి?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తెల్లారగట్ల రోడ్ల మీద పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు విశాఖ ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు పెట్టే ర్యాలీ కోసం ఎదురుచూస్తుంటారు. 1,600 మీటర్ల పరుగు, మెడికల్, రాతపరీక్ష దాటితే ఒకప్పుడు సిపాయి, 2022 నుంచి అగ్నివీర్. పాత పద్ధతిలో చేరినవాళ్లకు 15 ఏళ్లు సర్వీసు చేస్తే పింఛను. ఈలోపు కాలో, కన్నో పోయి 'బోర్డ్ ఔట్' అయితే, అంటే ఆరోగ్యం బాగాలేదని సర్వీసు నుంచి పంపేస్తే, కథ వేరు. గాయం సర్వీసు వల్లే వచ్చిందా, లేదా అన్నది మెడికల్ బోర్డు చెప్పాలి. వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి.

మందుపాతర మీద కాలు వేసినవాడి విషయంలో అనుమానం ఉండదు. చిక్కంతా మూర్ఛ, వినికిడి, మానసిక జబ్బులతో ఇంటికొచ్చిన వాళ్లది. 'సర్వీసు వల్ల కాదు, సర్వీసు వల్ల పెరగనూ లేదు' అని బోర్డు రాసేస్తే వైకల్య పింఛను లేనట్టే. ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయికి సరిగ్గా ఇదే జరిగింది. 1985లో సైన్యం సమాచార విభాగమైన సిగ్నల్స్‌లో చేరి, మూర్ఛ కారణంగా 1994లో బయటికొచ్చాడు. చేరినప్పుడు రికార్డులో ఏ జబ్బూ రాయకపోతే అది సర్వీసులో వచ్చిందనే అనుకోవాలి, కాదని నిరూపించాల్సింది ప్రభుత్వమే అని సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. అంటే పంతొమ్మిదేళ్ల తర్వాత! వైకల్యం 50 శాతం లోపుంటే 50గా లెక్కగట్టే వెసులుబాటు మొదట బోర్డ్ ఔట్ అయినవాళ్లకే ఉండేది. సర్వీసు పూర్తిచేసి రిటైరైన వాళ్లకూ వర్తిస్తుందని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది.

సర్వీసులో గాయపడినవాళ్లలో అందరికీ తెలిసిన పేరు మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో. 1971 యుద్ధంలో మందుపాతరకు నుజ్జయిన కాలిని తన ఖుక్రీతోనే (గూర్ఖా కత్తి) కోసుకున్నాడు. కృత్రిమ కాలితో బెటాలియన్‌నీ, బ్రిగేడ్‌నీ నడిపాడు. మనవాళ్లు ఖుక్రీ దగ్గరే ఆగిపోతారు. తర్వాత వికలాంగుల పునరావాసం మీద పనిచేసి, భారత పునరావాస మండలికి ఛైర్మన్ కావడం నా దృష్టిలో అంతకంటే పెద్ద సంగతి.

పల్లెలో అదే పని చిన్న స్థాయిలో జరుగుతుంది. తన ఫైలు గెలిచిన మాజీ హవల్దారు ఇంటికి చుట్టుపక్కల వాళ్లు డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) పట్టుకుని వస్తారు. ఆయన చూసేది ముందు పేర్లు. మనకు ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. భార్య పేరు పార్ట్ టూ ఆర్డర్‌లో (కుటుంబ వివరాలు సర్వీసు రికార్డుకెక్కించే ఉత్తర్వు) పడకపోతే భర్త పోయాక ఫ్యామిలీ పింఛను ఆగిపోతుంది. మద్రాస్ రెజిమెంట్ రికార్డులు వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీవి నాసిక్‌లో, పింఛను మంజూరు ప్రయాగ్‌రాజ్‌లో. ఇప్పుడు స్పర్శ్ అనే రక్షణ పింఛన్ల పోర్టల్ వచ్చింది కాబట్టి ఆన్‌లైన్ టెన్షన్ అదనం. కేసు వేయాలంటే ఒకప్పుడు హైకోర్టే దిక్కు. 2009లో సాయుధ దళాల ట్రిబ్యునల్ మొదలయ్యాక, దాని బెంచి ఉన్న చెన్నైకి ఆమదాలవలసలో రైలెక్కే వీలు చిక్కింది.

ఒకే ర్యాంకు ఒకే పింఛను కోసం 2015 జూన్ నుంచి జంతర్ మంతర్ దగ్గర ధర్నా జరిగింది. అదే నవంబరులో ఉత్తర్వు వచ్చింది, 2014 జులై 1 నుంచి అమలైంది. అది అందరికీ సంబంధించిన డబ్బు కాబట్టి వార్తయింది. వైకల్యం గొడవ ఎవరి ఫైలు వాళ్లదే, అందుకే పేపర్లకు పెద్దగా ఎక్కలేదు.

2023 సెప్టెంబరు 21 నుంచి వైకల్య పింఛనుకు కొత్త నిబంధనలొచ్చాయి. ఆ తేదీ తర్వాత బయటికొచ్చే వాళ్లకే అవి వర్తిస్తాయి. జబ్బు సర్వీసులోనే వచ్చిందనుకోవాలని పాత రూల్స్‌లో సిపాయికి అనుకూలంగా ఉన్న ఊహ వీటిలో బలహీనపడిందని మాజీ సైనికుల సంఘాల అభ్యంతరం. మరోవైపు 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో నాలుగేళ్ల సర్వీసుకు పింఛనే లేదు. నూటికి నూరు శాతం వైకల్యానికి 44 లక్షల రూపాయలు ఒకేసారి ఇస్తారు. ఆ డబ్బు రావాలన్నా, గాయం సర్వీసు వల్లేనని మెడికల్ బోర్డు రాయాలి.